నదులలో ముతకచేపల వేటకు నిషేధకాలము: ఇంగ్లండు శాసనముపై ఒక పరిశీలన

ఇంగ్లండు, వేల్సు దేశముల నదులలో ప్రతి సంవత్సరము మార్చి 15వ తేదీ మొదలుకొని జూన్ 15వ తేదీ ముగియువరకు, అనగా 93 దినములపాటు, కోర్స్ చేపలకై గాలము వేయుట శాసనరీత్యా నిషిద్ధము. జూన్ 16వ తేదీ అచ్చటి గాలగాండ్రకు పండుగదినము. అర్ధరాత్రమునకు పూర్వమే గట్టున కూర్చుండి, గంట పండ్రెండు కొట్టినంతనే తొలి ఎరను నీట వేయువారు నేటికిని కలరు. ఈ నిషేధము ఉండవలెనా, తొలగవలెనా అను వివాదము మాత్రము అనేక సంవత్సరములుగా ఎడతెగక సాగుచున్నది. పట్టిన చేపను తిరిగి నీటిలో విడుచుటయే ఆచారమైన ఈ దినములలో, చేపను చంపి యింటికి గొనిపోవు కాలమునాటి శాసనమునకు ప్రయోజనమేమని ఒక పక్షము. గ్రుడ్లు పెట్టు కాలమున ప్రాణిని బాధింపరాదన్న ధర్మము ఏ కాలమందును మారదని మరియొక పక్షము. ఈ రెండు వాదములును ప్రశ్నకు ఒక్కొక్క అంచును మాత్రమే తాకుచున్నవని నా అభిప్రాయము.

మొదట పేరును గూర్చి ఒక మాట. సాల్మన్, ట్రౌట్ అను చేపలను ఆంగ్లేయులు మేలుజాతిగా నెంచి, తక్కిన మంచినీటి చేపల నన్నిటిని 'కోర్స్', అనగా ముతక చేపలని పిలిచిరి. రోచ్, డేస్, చబ్, బార్బెల్, బ్రీమ్, టెంచ్, పెర్చ్, పైక్ మున్నగునవి ఈ వర్గములోనివి. వీనిలో పెక్కు మన బొచ్చె, శీలావతుల కుటుంబమునకే చెందినవి. ఈ విభాగమున జీవశాస్త్రముకంటె సామాజికస్థితి పాలే హెచ్చు: మేలుజాతి చేపలున్న నదులు భూస్వాముల యధీనమందుండగా, ముతకచేపలు పట్టణములలోని కార్మికుల పాలిటివయ్యెను.

ఈ శాసనము పుట్టుక కూడ ఆ కార్మికుల చరిత్రతో ముడివడియున్నది. 19వ శతాబ్దపు మధ్యభాగమున సాల్మన్ రక్షణకు 1861లో పార్లమెంటు ప్రత్యేకశాసనము చేసినది గాని, ముతకచేపల నడుగు నాథుడు లేకపోయెను. షెఫీల్డు నగరమందలి కత్తుల పరిశ్రమలో పనిచేయువారు విరామదినములలో ప్రత్యేకపు రైళ్లలో బయలుదేరి లింకన్‌షైరులోని విథమ్ నది గట్టున బారులు తీరి కూర్చుండెడివారు. వసంతకాలమున చేపలు గ్రుడ్లకై గుంపుకూడు స్థలములలో వలలతోను గాలములతోను వానిని విచ్చలవిడిగా పట్టుట చూచి, తమ వినోదమునకే మూలచ్ఛేదమగునని ముందుగా కలవరపడినవారు ఆ గాలగాండ్రే. తూర్పుతీరపు నదులకు, సరస్సులకు 1877లో నార్ఫోక్, సఫోక్ మత్స్యశాసనము వచ్చెను. మరుసటి సంవత్సరమే షెఫీల్డు ప్రతినిధియైన ఆంథొనీ జాన్ ముండెల్లా ప్రయత్నమున మంచినీటి మత్స్యశాసనము అమలునకు వచ్చి, నేటికిని వాడుకలోనున్న ఆ తేదీలను దేశమంతటికి నిర్ణయించెను. దానిని ముండెల్లా శాసనమనియే జనులు వ్యవహరించిరి. ఆలోచన మాత్రము అంతకంటె ప్రాచీనము: 1653లో వెలువడిన ఐజాక్ వాల్టన్ గాలపువేట గ్రంథమునందే గ్రుడ్లు పెట్టు నెలలలో చేపను పట్టుట ప్రకృతివిరుద్ధమను తర్కము కానవచ్చును. పాలకులు పైనుండి రుద్దిన నియమము కాదిది. వేటగాండ్రు తమకు తామే కోరి తెచ్చుకొన్న కట్టుబాటు. ఈ సంగతి విస్మరించి చేయు చర్చ యంతయు న్యాయము తప్పును.

1923, 1975 సంవత్సరముల శాసనములు ఈ నియమమును నిలిపినవి. పిమ్మట సడలింపు ఆరంభమయ్యెను. 1995లో చెరువులు, సరస్సులు మొదలగు నిలువనీటి జలాశయములలో పెక్కింటికిని, 2000లో కాలువలలో పెక్కింటికిని నిషేధము తొలగింపబడెను. నదులకు మాత్రము అది నిలిచినది. 2019లో ఇంగ్లండు పర్యావరణసంస్థయైన ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ప్రజాభిప్రాయమును సేకరించి, తుదకు మార్పు చేయకయే విడిచిపెట్టెను.

ఇక చేపల మాట. శాసనము తేదీని చూచును గాని చేప నీటి వెచ్చదనమును చూచును. పైక్, డేస్ జాతులు నీరింకను చల్లగానుండగనే, మార్చి నెలలోనో అంతకు కొంచెము ముందుగనో గ్రుడ్లు పెట్టుటకు సిద్ధమగును. పెర్చ్ ఏప్రిలులోను, రోచ్ ఏప్రిలు, మే నెలలలోను ఆ పని ముగించును. చబ్, బార్బెల్, బ్రీమ్ మే, జూన్ నెలలకై వేచియుండును. టెంచ్ నీరు బాగుగ కాగినగాని కదలదు. దాని కాలము జూన్, జూలై. వసంతము చల్లనైన యేట చబ్, బార్బెల్ జాతుల కార్యము కూడ జూన్ 16 దాటి సాగును. అనగా శాసనపు కంచె ముందువైపున పైక్ తలను, వెనుకవైపున టెంచ్ తోకను బయట విడిచినట్లున్నది.

అంతకంటె ముఖ్యమైనది స్థలభేదము. రోచ్, బ్రీమ్ నీటిమొక్కలపైనను, నీట మునిగిన చెట్లవేళ్లపైనను గ్రుడ్లను అంటించును. బార్బెల్ ప్రవాహవేగము గల లోతులేని చోట, శుభ్రమైన గులకరాళ్లలో తోకతో గుంట త్రవ్వి, రాళ్ల సందులలో గ్రుడ్లను దాచును. ఆ దినములలో మోకాలిబంటి నీటిలో పెద్ద ఆడుచేప చుట్టును పలు మగచేపలు మూగియుండుట గట్టుపైనుండియే కనబడును. అట్టిచోట ఒక మనుష్యుడు బూట్లతో నీటిలో దిగి నడచినను గ్రుడ్లు నలిగిపోవును. హిమయుగకాలమున బ్రిటను తూర్పునదులు రైను నదితో కలిసి ప్రవహించినందున బార్బెల్ సహజముగా థేమ్స్, ట్రెంట్ వంటి తూర్పుముఖ నదులలోనే ఉండెను. సెవర్నులోనికి 1956లో కెన్నెట్ నదినుండి మనుష్యులే తెచ్చి విడిచిరి. ఆ చేప సెవర్నులో వంశము నిలుపుకొనుటకు విడిచినవారి ఉత్సాహము చాలలేదు; గ్రుడ్లు నిలుచు గులకమేటలు ఆ నదిలో నుండుటయు కావలసివచ్చెను.

నిషేధము వలదనువారి వాదములలో బలమైనదొకటి కలదు. ముతకచేపలు గ్రుడ్లు పెట్టునది వేలసంఖ్యలో, కొన్ని జాతులు లక్షకు మించియు. వానిలో అధికభాగము ఎట్లును నశించును. ఒక యేటి సంతతి నిలుచుటయు నిలువకపోవుటయు పిల్లచేపలు గడపు తొలివేసవి ఎంత వెచ్చనిదో, వరదలు వానిని ఎంతవరకు కొట్టుకొనిపోయెనో అనుదానిపై ఆధారపడును. కావున గాలమువలన కలుగు నష్టము లెక్కకు రాదందురు. పెద్ద గుంపులు గల రోచ్ విషయమున ఇది సత్యమని నేనును అంగీకరింతును. కాని పదిపదిహేనేండ్లు జీవించు పెద్ద బార్బెల్‌లు కొద్దిమాత్రమే మిగిలిన చిన్న నదిలో ఒక్కొక్క ఆడుచేపయు ఒక మూలధనము. దానిని గ్రుడ్లతో నిండియుండగా పట్టి, అలయువరకు లాగి, తూచి, ఛాయాచిత్రము తీసి విడిచినచో అది బ్రదికియుండవచ్చును. కాని గ్రుడ్లు పెట్టవలసిన కాలమున పెట్టునని పూచీపడువారెవరు?

1995 తరువాత చెరువులు పాడుగాలేదు గదా యను దృష్టాంతము నదులకు వర్తింపదు. వాణిజ్యపు చెరువులలోని కార్ప్ చేపలు పెంపకశాలలనుండి వచ్చును. తగ్గినచో యజమాని మరల కొని విడుచును. నదులకు కూడ నాటింగ్‌హామ్‌షైరులోని కాల్వర్టన్ పెంపకశాలలో పెరిగిన పిల్లచేపలను విడుచుచున్నారన్న మాట నిజమే. అయినను అది చితికిన నదికి చేయు వైద్యము; నది తనంత తాను సంతతి కనుటకు అది ప్రత్యామ్నాయము కాజాలదు. స్కాట్లండులోను ఐర్లండులోను ముతకచేపలకు ఇట్టి నిషేధకాలము లేదన్న దృష్టాంతమునకు కొంత బలము కలదు గాని, ఐర్లండులో సహజముగా లేని బార్బెల్‌కు రక్షణ ఏదియని అచ్చట ఎవరును అడుగనక్కరలేదు.

నిషేధము వలదనువారి మరియొక వాదము నన్ను ఎక్కువగ కలవరపెట్టినది. నదికి నేడు కలుగు గాయములలో గాలపుముల్లు చేయునది స్వల్పము. వాననాళ్లలో పొంగి మురుగునీటిని నదిలోనికి విడుచు తూములు, పొలములనుండి కొట్టుకొనివచ్చి గులకరాళ్ల సందులను పూడ్చు ఒండ్రు, చేప ఎదురెక్కుటకు అడ్డమైన ఆనకట్టలు, 1970 తరువాతి దశకమున తెచ్చి విడువగా గ్రుడ్లను కూడ తినునట్టి అమెరికా సిగ్నల్ రొయ్యలు, ఇవి మార్చి 15న విరామము తీసికొనవు. పడవవాండ్రు, ఈతగాండ్రు ఆ గులకమేటలపైననే తిరుగుచుండగా గాలగాడొక్కడే యింట కూర్చుండవలసివచ్చుచున్నది. పైగా మురుగు కలిసినదని, చేపలు తేలినవని తొలుత కనిపెట్టి చెప్పునది గట్టున కూర్చుండు ఆ మనుష్యుడే. కావలివానిని మూడునెలలు సెలవుపై పంపుట క్షేమమా యను ప్రశ్నకు నిషేధపక్షమువారు ఇంతవరకు తృప్తికరమైన సమాధానమీయలేదు. నేను చెప్పగలిగినది ఇంతయే: కావలికి గాలము అక్కరలేదు; క్లబ్బులు ఆ నెలలలో సభ్యులను గట్టువెంట నడువ నియమించినచో కన్నులు నిలుచును, చేపకు విశ్రాంతియు దక్కును.

మన పాఠకులకు ఈ విషయము బొత్తిగా దూరమైనది కాదు. తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరపడవల సముద్రవేట నిలిచిపోవుట కోస్తా గ్రామములన్నిటికి అనుభవమే. గోదావరిలో మాత్రము ఎర్రనీటితోపాటు సముద్రమునుండి గ్రుడ్లకై ఎదురెక్కు పులసను, ఆ జనకొరకే, ఆ నెలలలోనే వలవేసి పట్టుదుము. 1852లో పూర్తియైన ధవళేశ్వరపు ఆనకట్ట దాని దారిని అచ్చటనే అడ్డగించెను. అట్టి మనకు ముండెల్లా తేదీలు వింతగా తోచరాదు. తమ వేటను తామే కట్టడి చేయుమని పార్లమెంటు తలుపు తట్టిన షెఫీల్డు పనివాండ్ర నడవడియే వింతగా తోచవలెను.

ఇన్ని చూచిన పిమ్మట, నదులకు నిషేధకాలము నిలువవలెననియే నేను నిశ్చయించుకొనుచున్నాను. ఎత్తివేసినచో హాని లేదని నిరూపించు భారము ఎత్తివేయగోరువారిదే. అయితే దాని ఆకారము మారవలెను. దేశమంతటికి ఒకే తేదీలను కనీసపు కంచెగా నుంచి, బార్బెల్, చబ్ గ్రుడ్లు పెట్టు గులకమేటలను నదివారీగా గుర్తించి, ఆ స్థలములలో గాలమునేగాక నడకను, పడవను, ఈతను కూడ నిలుపవలెను. ఆ నిలుపుదల జూన్ 15తో ముగియక, ఆ యేటి నీటి ఉష్ణతను కొలిచి, చేపలు మేటలను విడిచిపోయినట్లు కన్నులార చూచిన తరువాతనే ముగియవలెను. చలి వీడని యేట ఒక మేటకు జూన్ చివరివరకు తాడు కట్టియుండినచో, 16వ తేదీ రాత్రి ఎర సిద్ధపరచుకొన్న గాలగాడు దానికి నూరుగజముల దిగువన, లోతైన మడుగులో, తన వేటను నిరాటంకముగా ఆరంభింపవచ్చును.