మూసీకి గోడ కడితే సరిపోతుందా?

నయాపూల్ మీద ఆగి ఎప్పుడైనా కిందికి చూశారా? ఒక ఒడ్డున హైకోర్టు, ఇంకో ఒడ్డున ఉస్మానియా హాస్పిటల్. మధ్యలో మూసీ, అంచున రాతి గోడ. ఆ గోడ అక్కడికి ఎందుకొచ్చిందో ఈరోజు మాట్లాడుకుందాం.

1908 సెప్టెంబర్ 28. శంషాబాద్‌లో 24 గంటల్లోనే 12.8 అంగుళాల వాన పడింది. పైన ఉన్న 788 చెరువుల్లో 221 తెగిపోయాయి. ఆ నీళ్లన్నీ కలిసి సిటీ మీద పడ్డాయి. సుమారు 15 వేల మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారు. ఆ చెట్టు ఉస్మానియా హాస్పిటల్ ఆవరణలో ఉంది.

అసలు ఒడ్డు ఎందుకు కూలుతుంది? నది మలుపు తిరిగేచోట నీళ్లు బయటి గట్టుకి వెళ్లి కొడతాయి. అక్కడ అడుగున మట్టి కోసుకుపోతుంది, లోపలి వైపు ఇసుక మేట వేస్తుంది. కింద మట్టి పోయాక పైన గట్టు ఎంత ఎత్తున్నా కూలాల్సిందే. అందుకే గోడకి ప్రాణం పునాదిలో ఉంటుంది. అది నది అడుగుకన్నా బాగా లోతుకి దిగాలి. దాని ముందు పెద్ద పెద్ద బండరాళ్లు పరవాలి. గోడలో నీళ్లు కారిపోయే రంధ్రాలూ వదలాలి. లేదంటే వరద తగ్గాక వెనక నిలిచిన నీటి ఒత్తిడికి గోడే నదిలోకి ఒరుగుతుంది.

1909లో నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఆయన సిటీలో గట్లు ఎత్తు చేయమన్నారు. కానీ అక్కడితో ఆగలేదు. గోడ గట్టును కాపాడుతుంది, వచ్చే నీళ్లను తగ్గించదు కదా! అందుకే వరదను సిటీకి రాకముందే పైన ఆపాలన్నారు. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు నది ఒడ్డు రూపురేఖలే మార్చేసింది.

మరి ఇప్పుడు? 2025 సెప్టెంబర్‌లో జంట జలాశయాల గేట్లు ఎత్తితే ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లొచ్చేశాయి. రిజర్వాయర్ నిండాక నీళ్లు కిందికి వదలక తప్పదు. వదిలిన నీళ్లకి దారి కావాలి. ఆ దారిలో మట్టి పోసి ఇళ్లు కట్టుకుంటూ పోతే నది ఇరుకవుతుంది, నీటి మట్టం పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది. అప్పుడు ముందుగా మునిగేది ఒడ్డున ఉండే పేదల ఇళ్లే.

ఈసారి నయాపూల్ దాటేటప్పుడు గోడ ఒక్కటే కాదు, రెండు గోడల మధ్య నదికి ఎంత చోటు మిగిలిందో కూడా చూడండి. మళ్లీ కలుద్దాం!