తుపాకి గొట్టంలోని గాడులు

తిరుగుతున్నంతసేపే బొంగరం నిటారుగా నిలుస్తుంది. తుపాకి గుండుకు నిలకడ నిచ్చినదీ ఈ సూత్రమే.

పూర్వపు తుపాకుల గొట్టం లోపల నున్నగా ఉండేది. వదులుగా ఉన్న గుండు గోడలకు తగులుతూ వెలువడి, నూరు గజాలు దాటితే గురి తప్పేది. లోపల మెలితిరిగిన గాడులు చెక్కితే గుండు తిరుగుతూ తిన్నగా పోతుందని 16వ శతాబ్దానికే ఐరోపా పనివారు గ్రహించారు. ‘రైఫిల్’ అనే పేరు ఆ గాడులను బట్టి వచ్చినదే. అయితే గాడులకు బిగిసే గుండును మూతి నుండి దట్టించడానికి చాలాసేపు పట్టేది. అందుచేత వేటగాండ్రు మెచ్చిన రైఫిలు చాలాకాలం సామాన్య సైనికునికి చేరలేదు.

ఈ చిక్కును విప్పినది గొట్టం కాదు, తూటా. 1849లో ఫ్రెంచి సైనికాధికారి క్లోడ్ ఎతియెన్ మినియే అడుగు గుల్లగా ఉండే సీసపు తూటాను రూపొందించాడు. సులువుగా లోనికి జారే ఆ తూటా, మందు పేలగానే అడుగున ఉబ్బి గాడులను పట్టుకొనేది. 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిలుదీ ఇదే పద్ధతి. దాని తూటాను, మందును చుట్టిన కాగితపు పొట్లానికి కొవ్వు పూసేవారు. దానిని పంటితో చింపవలసి వచ్చేది. ఆ కొవ్వు ఆవుదీ పందిదీ అన్న అనుమానం 1857 సిపాయీల తిరుగుబాటుకు ఒక కారణమైంది.

ఆ దశాబ్దంలోనే ఇంగ్లండులో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ వెనుక నుండి నింపే గాడుల ఫిరంగిని నిర్మించాడు. గుండుకు వేసిన సీసపు పూత గాడులను పట్టుకొనేది. నేటి గాడుల ఫిరంగులలో ఆ పనిని సాధారణంగా గుండు చుట్టూ బిగించిన రాగి పట్టీ చేస్తున్నది.