బోధనాసభ నుంచి పరిష్కారసభ వరకు: అమెరికా విశ్వవిద్యాలయాలలో పర్యావరణ చర్చావేదికల పరిణామం (1965-2022)

వాతావరణ మార్పునకు పరిష్కారాలను అన్వేషించే విశ్వవిద్యాలయ సభలను విజ్ఞానశాస్త్ర ప్రచారంలో ఒక భాగంగా పరిగణించడం పరిపాటి. వాటి పుట్టుక మాత్రం యుద్ధ వ్యతిరేకతలో ఉంది. 1965 మార్చి 24, 25 తేదీలలో ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయ అధ్యాపకులు వియత్నాం యుద్ధంపై రాత్రంతా నిర్వహించిన సభ ఈ సంప్రదాయానికి మూలం. ఒకరోజు పాఠాలను నిలిపివేయాలన్నది వారి తొలి ఆలోచన. రాష్ట్ర గవర్నరు, శాసనసభ్యులు దానికి తీవ్రంగా అభ్యంతరం చెప్పారు. పాఠం మానడానికి బదులు అదనంగా పాఠం చెప్పాలని మానవశాస్త్రవేత్త మార్షల్ సాలిన్స్ చేసిన సూచనతో నిరసన రూపమే మారిపోయింది. సుమారు 3,000 మంది పాల్గొన్నారు. బాంబు బెదిరింపుతో భవనాన్ని ఖాళీ చేయవలసి వచ్చినప్పుడు చర్చ ఆరుబయట చలిలో కొనసాగింది.

‘టీచ్-ఇన్’ అన్న పేరు 1960 నాటి నల్లజాతి విద్యార్థుల ‘సిట్-ఇన్’ నిరసనలను అనుసరించి ఏర్పడింది. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. సదస్సు అంటే పత్ర సమర్పణ స్ఫురిస్తుంది. గోష్ఠి అంటే అభిరుచి కలిసినవారి కూడిక. బోధన, ధిక్కారం జమిలిగా ఉన్న అర్థం ఈ రెండింటిలోనూ లేదు. ‘బోధనాసభ’ అన్నది కూడా సంపూర్ణమైన మాట కాదు గాని, ఇక్కడికి సరిపోతుంది.

ఈ రూపాన్ని పర్యావరణ రంగానికి మళ్లించినవాడు విస్కాన్సిన్ సెనేటర్ గేలార్డ్ నెల్సన్. 1969 జనవరిలో శాంటా బార్బరా తీరంలో చమురు ఒలికి సముద్రం కలుషితమైంది. ఆ ఏడు ఆగస్టులో ఆ ప్రాంతాన్ని చూసి తిరిగివస్తూ ఆయన యుద్ధ వ్యతిరేక బోధనాసభల గురించి చదివారు. వాటి నమూనాలో దేశవ్యాప్తంగా పర్యావరణ సభలు జరపాలని సెప్టెంబరులో సియాటిల్‌లో ప్రకటించారు. 1970 ఏప్రిల్ 22న జరిగిన తొలి ధరిత్రీ దినోత్సవం ఆ ప్రకటన ఫలితమే. వసంత సెలవులకు, వార్షిక పరీక్షలకు మధ్య వచ్చేలా తేదీని నిర్ణయించడం ఆ కార్యక్రమం ఎవరిని ఉద్దేశించినదో చెబుతుంది. దాదాపు 2 కోట్ల మంది పాల్గొన్నారని అంచనా.

అంతకు ముందే, మార్చి 11 నుంచి 14 వరకు, మిషిగన్‌లోనే పర్యావరణ బోధనాసభ జరిగింది. ప్రారంభ సభకు క్రిస్లర్ క్రీడాప్రాంగణంలో వేలాదిమంది హాజరయ్యారు. విద్యార్థులు ఒక పాత ఫోర్డ్ కారును దోషిగా నిలబెట్టి, విచారణ జరిపి, శిక్షగా పగలగొట్టారు. ఇది వట్టి వినోదం కాదు. డెట్రాయిట్‌కు కూతవేటు దూరంలో, కార్ల పరిశ్రమపై ఆధారపడిన రాష్ట్రంలో ఆ విచారణ జరిగిందన్న సంగతి మరువరాదు. ప్రతివాది ఎవరో సభకు తెలుసు. అదే ప్రాంగణంలో కొద్ది రోజులకే నల్లజాతి విద్యార్థుల ప్రవేశాలు పెంచాలంటూ సమ్మె మొదలైంది. కాలుష్యం మీద ఏకమైన ప్రాంగణం జాతి వివక్ష మీద అంత సులభంగా ఏకం కాలేదు. ధరిత్రీ దినోత్సవ చరిత్రలలో ఈ సామీప్యానికి దక్కవలసినంత చోటు దక్కలేదు.

1970 డిసెంబరులో పర్యావరణ పరిరక్షణ సంస్థ ఏర్పడింది, స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది. సభలే చట్టాలను తెచ్చాయనడం అతిశయోక్తి. చట్టసభలు వాటిని గమనించాయనడం కాదు.

‘పరిష్కారం’ అన్న మాట ముందుకు వచ్చినది 2008లో. పోర్ట్‌లాండ్‌లోని లూయిస్ అండ్ క్లార్క్ కళాశాల అర్థశాస్త్ర ఆచార్యుడు ఎబన్ గుడ్‌స్టీన్ ప్రారంభించిన ‘ఫోకస్ ది నేషన్’ పిలుపు మేరకు జనవరి 31న వేయికి పైగా విద్యాసంస్థలు భూతాపంపై సభలు జరిపాయి. ఇక్కడ రాజకీయ నాయకులు ప్రతివాదులు కారు, ఆహూతులు. విద్యార్థులు వారితో ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. పక్షపాతరహితంగా ఉండాలన్న ఈ నియమం వల్ల సభ విస్తరించింది, సంగీత శాఖ మొదలు ఇంజనీరింగ్ శాఖ దాకా అందరికీ చోటు దొరికింది. దోషి ఎవరన్న ప్రశ్న మాత్రం పక్కకు జరిగింది. 1970 నాటి కారు విచారణ ఈ వేదికపై ఊహకైనా అందదు.

గుడ్‌స్టీన్ అనంతరం బార్డ్ కళాశాలకు మారారు. అక్కడి నుంచి సాగిన కృషిలో భాగంగా 2022 మార్చి 30న వివిధ దేశాల విద్యాసంస్థలు ఏకకాలంలో సభలు నిర్వహించాయి. పేరులో వాతావరణంతో పాటు ‘న్యాయం’ చేరింది. వేర్వేరు శాఖల అధ్యాపకులు తలా కొన్ని నిమిషాలు మాట్లాడి మిగిలిన సమయాన్ని చర్చకు వదలడం ఈ నమూనా ప్రత్యేకత. ఏ సబ్జెక్టు చెప్పేవారైనా ఒక పీరియడును వాతావరణానికి కేటాయించాలన్నది దానికి తోడైన విన్నపం. సాహిత్యాధ్యాపకుడు శాస్త్రజ్ఞుని అనువదించనక్కరలేదు. తన పాఠ్యంలోనే కరవునో వరదనో చూపగలడు.

భారతదేశంలో ఈ క్రమం తలకిందులు. ఇక్కడ పర్యావరణం విశ్వవిద్యాలయంలోకి న్యాయస్థానం ద్వారా ప్రవేశించింది. ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం, తర్వాతి దశాబ్దంలో విశ్వవిద్యాలయ నిధుల సంఘం రూపొందించిన పాఠ్యప్రణాళిక ఫలితంగా డిగ్రీ విద్యార్థులందరికీ పర్యావరణ అధ్యయనం తప్పనిసరి అయింది. తెలుగు రాష్ట్రాల కళాశాలలలోనూ అది అమలయింది. అమెరికాలో పాఠం పక్కన పెరిగిన సభ ఇక్కడ పరీక్షాపత్రంగా అవతరించింది. అందరికీ చేరడం దాని బలం. అధ్యాపకుని ఎదురు ప్రశ్నించే ఆ రాత్రి సభ గుణం మార్కుల జాబితాలో ఇమిడేది కాదు.