పేర్ల విభజన (పైథాన్)

వాడుకరి టైపు చేసిన పూర్తి పేరును ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్కను పైథాన్ డిక్షనరీలో తగిన కీకి విలువగా నిలపడమే పేర్ల విభజన.

విధానం: స్ట్రింగు మీద స్ప్లిట్ మెథడ్‌ను ఖాళీ బ్రాకెట్లతో పిలిస్తే అది ముందూ వెనుకా ఉన్న ఖాళీలను వదిలి, వరుస ఖాళీలను ఒకటిగా లెక్కించి, మాటల జాబితా ఇస్తుంది. మాక్స్‌స్ప్లిట్ అనే ఆర్గ్యుమెంట్ విలువ 1 అయితే మొదటి ఖాళీ దగ్గర ఒక్కసారే విడదీస్తుంది. ‘నందమూరి తారక రామారావు’ ఇలా ఇంటిపేరుగా, పేరుగా సరిగ్గా విడిపోతుంది. ఒకే మాట ఉన్న పేరును రెండు చరరాశుల్లోకి పంచబోతే వాల్యూఎర్రర్ వస్తుంది. పార్టిషన్ మెథడ్ ఎప్పుడూ మూడు భాగాలే ఇస్తుంది కాబట్టి అక్కడ అదే క్షేమం.

ప్రాంతీయ భేదాలు: ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇంటిపేరు ముందు రావడం సంప్రదాయం. తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాలో తెలుగు కుటుంబాలెన్నో ఉన్నా, ఆ రాష్ట్ర రికార్డుల్లో సాధారణంగా తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనీషియల్. అందువల్ల మొదటి ముక్కను ‘ఇంటిపేరు’ కీలో వేస్తే సమాచారం తప్పుతుంది. హోసూరు సమీపాన తొరపల్లిలో 1878లో పుట్టిన రాజాజీ పేరును ‘సి.రాజగోపాలాచారి’ అని ఖాళీ లేకుండా రాస్తే స్ప్లిట్ అసలు విడదీయలేదు. ముందుగా చుక్క తరువాత ఖాళీ చేర్చాలి.

జాగ్రత్తలు: పైథాన్ 3 స్ట్రింగులు యూనికోడ్‌వి. ‘కృష్ణ’లో సున్నా స్థానం అడిగితే ‘కృ’ కాక ‘క’ మాత్రమే వస్తుంది. పేరునే కీగా వాడితే అదే పేరున్న రెండో మనిషి వివరాలు మొదటివాటిని చెరిపేస్తాయి. ఇంటిపేరు, ఇనీషియల్, పేరు వేర్వేరు గడుల్లో అడగడం, టైపు చేసిన పూర్తి రూపాన్ని కూడా భద్రపరచడం ఉత్తమం.