సర్పంచి గారా, ఆఫీసరు గారా?

మాది చోడవరం. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ, ఎవరైనా అడిగితే నా నోటికి ఇంకా విశాఖ జిల్లా అనే వస్తుంది. మా తాతయ్యది అంతకంటే పాత అలవాటు. 1985లోనే మండలాలొచ్చినా, ఎంపీడీవో ఆఫీసుని ఆయన ఇప్పటికీ "సమితాఫీసు" అనే అంటాడు.

మొన్న పండక్కి ఊరెళ్తే, ఆయనకీ మా బాబాయికీ పెద్ద వాదన. "చదువుకున్న ఆఫీసరుంటే చాలు, ఈ ఎన్నికలూ గొడవలూ దేనికి?" అని బాబాయి. "ఆఫీసరు బదిలీ మీద పోతాడ్రా. సర్పంచి ఎక్కడికి పోతాడు?" అని తాతయ్య. ఇద్దరికీ సర్ది చెప్పలేక, అసలీ గొడవ ఎప్పుడు మొదలైందా అని చూస్తే నూట నలభై ఏళ్ళ నాటిది!

1882లో లార్డ్ రిప్పన్ స్థానిక స్వపరిపాలన మీద తీర్మానం చేశాడు. దాన్ని అనుసరించి 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చింది. పేరు స్వపరిపాలనే గానీ, జిల్లా బోర్డుకి అధ్యక్షుడు కలెక్టరే. 1920 చట్టం తర్వాత పెత్తనం మెల్లగా ఎన్నికైన వాళ్ళ చేతికొచ్చింది. దాంతో పాటే పార్టీలూ, ముఠాలూ, "మనవాళ్ళకే పని" అనే గోలా వచ్చాయి.

అప్పుడు తెర మీదకొచ్చింది ఎవరో కాదు, మా ఉత్తరాంధ్ర వాడే. బొబ్బిలి రాజా, జస్టిస్ పార్టీ నాయకుడు, 1932లో మద్రాసు ప్రభుత్వాధినేత అయ్యాడు. మునిసిపాలిటీల్లో రోజువారీ అధికారాన్ని చైర్మన్ల నుంచి తప్పించి, ప్రభుత్వం నియమించే కమిషనర్ల చేతిలో పెట్టింది ఆయన ప్రభుత్వమే. గట్టి విమర్శలే వచ్చాయి. కానీ ఈరోజుకీ మన మునిసిపాలిటీల్లో కమిషనర్ ఉన్నాడు కదా!

ఇది మన దగ్గరే పుట్టిన ఆలోచనేం కాదు. అమెరికాలో 1913 మార్చిలో డేటన్ ఊరు వరదలో మునిగింది. ఆ దెబ్బతో అక్కడి జనం పద్ధతి మార్చుకుని, 1914 నుంచి జీతానికి ఒక మేనేజర్ని పెట్టుకున్నారు. తర్వాత చాలా ఊళ్ళు అదే దారి పట్టాయి. ఇక్కడొక మెలిక ఉంది. ఆ మేనేజర్ని ఉద్యోగంలో పెట్టేదీ, తీసేసేదీ కూడా ఎన్నికైన కౌన్సిలే. మన కమిషనర్ని వేసేదీ, బదిలీ చేసేదీ మాత్రం రాష్ట్ర ప్రభుత్వం. చూడ్డానికి రెండూ ఒకలాగే ఉన్నా, లోపల వైరింగ్ వేరు.

1959లో బల్వంతరాయ్ మెహతా కమిటీ సిఫార్సుల ప్రకారం మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాయి. సమితికి ప్రెసిడెంటు ఎన్నికైన మనిషి, పక్కనే బీడీవో ప్రభుత్వం మనిషి. జిల్లా పరిషత్తులో స్థాయీ సంఘాలన్నిటికీ కలెక్టరే అధ్యక్షుడు! ఎన్టీఆర్ హయాంలో సమితులు పోయి మండల పరిషత్తులొచ్చాయి, 1987లో అధ్యక్షుల్ని జనమే నేరుగా ఎన్నుకున్నారు. 1994 చట్టం వచ్చాక కూడా మండలంలో ఎంపీడీవో, జిల్లాలో సీఈవో, మాలాంటి మేజర్ పంచాయతీలో ఈవో. పాత్రలు అవే, పేర్లే మారాయి.

నన్నడిగితే ఆఫీసరు ఉండాల్సిందే. ఇరవై వేల పైచిలుకు జనం ఉన్న ఊళ్ళో ఇంటి పన్ను లెక్కలు, టెండర్లు, నీళ్ళ పైపులు.. ఇవన్నీ ఎన్నికల్లో గెలిచినంత మాత్రాన వచ్చే విద్యలు కావు. కానీ మా భాషలో చెప్పాలంటే, రూట్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందనేదే అసలు ప్రశ్న. బదిలీ ఆర్డరు మీద సంతకం ఎవరిదైతే, ఆఫీసరు చూపు అటే ఉంటుంది. అది ఆయన తప్పు కాదు, డిజైన్ తప్పు.

బాబాయి కోరుకున్న పద్ధతి కూడా మనం చూసేశాం. 2011లో పాలకవర్గాల గడువు ముగిసింది, 2013 దాకా పంచాయతీ ఎన్నికల్లేవు. మళ్ళీ 2018 ఆగస్టు నుంచి 2021 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగేదాకా అంతే. ఊళ్ళన్నీ స్పెషల్ ఆఫీసర్ల చేతిలోనే. ఐదేళ్ళు నిండకముందే ఎన్నికలు పెట్టాలని రాజ్యాంగం చెబుతున్నా సరే! ఒక్కో ఆఫీసరుకి అసలు ఉద్యోగం ఒకటి, దానికి తోడు ఈ ఊళ్ళు. పైగా ఎన్నికైన పాలకవర్గం లేకపోతే కేంద్ర ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతాయి. గొడవలు తగ్గాయేమో గానీ, డబ్బులూ తగ్గాయి. పైగా వీధి లైటు వెలగకపోతే ఎవరి గుమ్మం ముందు నిలబడాలో తెలీదు.

2018లో తెలంగాణ కొత్త చట్టంలో ఉమ్మడి చెక్ పవర్ సర్పంచికీ, ఉపసర్పంచికీ ఇచ్చింది. నాకు అదీ పూర్తిగా నచ్చలేదు. లెక్క తెలిసిన మనిషి సంతకం ఒకటి ఉండటం మంచిదే. ఆ మనిషిని వెనక్కి పంపే హక్కు మాత్రం పంచాయతీకి ఉండాలి. బహిరంగంగా, కారణం రాసి, ఓటేసి మరీ.

ఇదంతా చెబితే తాతయ్య "అదేగా నేనన్నది" అన్నాడు. బాబాయి కూడా "అదేగా నేనన్నది" అన్నాడు :) మరి మీరేమంటారు?