వనస్థలిపురం: వేటస్థలం నుంచి మన ఇళ్ల దాకా

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసి ఇమ్మని మన సంఘం కార్యదర్శి గారు రెండు నెలలుగా అడుగుతున్నారు. పెన్షను రూల్సు మీద, కరువు భత్యం బకాయిల మీద సాధికారంగా రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. నేను ముప్పై అయిదేళ్లు ఫైళ్ల మీద నోట్లు రాసినవాణ్ణే గాని వ్యాసకర్తను కాను. అయితే మనలో ఇంతమంది ఇళ్లు కట్టుకున్న ఈ ప్రాంతం పుట్టుపూర్వోత్తరాలు మన పిల్లలకు తెలియవు. నా మనవరాలు పోయిన వేసవిలో వచ్చినప్పుడు "తాతయ్యా, ఇక్కడ మొదటి నుంచీ ఇళ్లే ఉన్నాయా?" అని అడిగింది. అందుకని నాకు తెలిసినంత, చూసినంత ఇక్కడ పెడుతున్నాను. ఇందులో నా తప్పు కూడా ఒకటి ఉంది. దాన్నీ పెడుతున్నాను.

విజయవాడ రోడ్డు మీద ఎల్.బి.నగర్, చింతలకుంట దాటి వస్తే మనకు తగిలే జింకల పార్కు ఒకప్పుడు నిజాము వేటస్థలం. మూడున్నర వేల ఎకరాలకు పైబడిన ముళ్లపొదల అడవి. కృష్ణజింకలు అక్కడ మందలు మందలుగా ఉండేవి. మహావీరుని 2,500వ నిర్వాణ వార్షికోత్సవం వచ్చిన సందర్భంగా 1975లో దానికి మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టారు. వేటాడిన చోటుకు అహింస బోధించినవాని పేరు పెట్టడం నాకెప్పుడూ ముచ్చటగా తోస్తుంది. 1994లో అది జాతీయ పార్కు అయింది. మన కాలనీ పేరులోని వనస్థలి కూడా ఆ మాటే.

భూముల సంగతి కొంచెం వెనక నుంచి చెప్పాలి. నిజాము కాలంలో హైదరాబాదు చుట్టుపక్కల అనేక గ్రామాలు సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాము సొంత ఖజానాకు చెందినవి. ఆ జిల్లాను అత్రాఫ్-ఎ-బల్దా అనేవారు. 1949లో సర్ఫ్-ఎ-ఖాస్ ప్రభుత్వంలో కలిసింది, అదే ఏడు జాగీర్లూ రద్దయ్యాయి. ఆ మరుసటి ఏడు, 1950లో, హైదరాబాదు కౌలుదారీ చట్టం వచ్చింది. దున్నేవాని పేరు రక్షిత కౌలుదారుగా రిజిస్టరులోకి ఎక్కింది. ఆ చట్టంలోని 38-ఇ సెక్షను కింద 1973 నుంచి తెలంగాణ జిల్లాల్లో అటువంటి కౌలుదారులకే యాజమాన్యం దఖలు పడింది. ఈ సెక్షను నంబరు పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్లీ వస్తుంది.

పట్నంలో ఉద్యోగస్తుడికి సొంత ఇల్లు అన్న ఆలోచన కూడా పాతదేమీ కాదు. 1908 మూసీ వరదల తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. పాత మురికివాడలు తీసి కొత్త ఇళ్లు కట్టడం దాని పని. ఆ పని తరువాత హౌసింగ్ బోర్డు చేతికి వచ్చింది. కాని బోర్డు కట్టే ఇళ్లు ఎన్ని, రాష్ట్రం ఏర్పడ్డాక పట్నానికి వచ్చిపడిన గుమాస్తాలెందరు? మిగిలినవాళ్లం మలకపేటలోనో, సైదాబాదులోనో రెండు గదుల వాటాల్లో ఉండి, నీళ్ల దగ్గర ఇంటివారితో మాటలు పడేవాళ్లం.

1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చాక కథ మారింది. హైదరాబాదులో ఒక్కొక్కరికి 1,000 చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉండరాదన్నారు. సాగులో ఉన్న భూమి ఆ లెక్కలోకి రాదు. భూస్వాముల్లో కొందరు ఉన్నదాన్ని సాగుభూమిగా చూపించారు, కొందరు తొందర తొందరగా హౌసింగు సొసైటీలకు అమ్మేశారు. అట్లా ఊరి చివర భూములు గజాల్లోకి వచ్చాయి. ఎకరాలు గజాలైనప్పుడే మనబోటివాళ్ల చేతికి అందాయన్నది నిజం. అందరి కాగితాలూ ఒక్క తీరుగా లేవన్నదీ నిజమే.

నేను 1983లో ఒక సొసైటీలో సభ్యుణ్ణయ్యాను. 200 గజాలు, వాయిదాల మీద మొత్తం 9,000 రూపాయలు. నా నెల జీతం అప్పుడు వెయ్యికి లోపే. స్థలం చూపించడానికి మా ఇంటావిడను తీసుకొచ్చిన రోజు బస్సు దిగి రెండు మైళ్లు నడిచాం. బండరాళ్లు, ఈతచెట్లు, సీతాఫలం పొదలు, తంగేడు. ఎక్కడో నెమలి కూసింది. ఆమె నాలుగు రాళ్ల మధ్య నిలబడి చుట్టూ చూసి, "ఇక్కడ మనల్ని దొంగలు కూడా వెతుక్కుంటూ రారు" అంది. అయినా మెడలోది తప్ప మిగిలిన బంగారం ఆమే తీసి ఇచ్చింది.

ఇల్లు 1987లో మొదలుపెట్టాను. ఇంటి నిర్మాణ అడ్వాన్సు మూడు విడతల్లో వచ్చింది. పునాది దాకా ఒకటి, లింటెల్ దాకా ఒకటి, స్లాబుకు ఒకటి. విడతకూ విడతకూ మధ్య గోడలు వానకు తడిసేవి. సిమెంటు మీద నియంత్రణ పూర్తిగా తొలగింది 1989లోనే కాబట్టి బస్తాల కోసం తిరిగిన తిరుగుడు వేరే చెప్పనక్కరలేదు. 1988 శ్రావణంలో పాలు పొంగించాం. తలుపులకు రంగు వేయించడానికి మరో మూడేళ్లు పట్టింది.

మొదటి పదేళ్లూ మేం పట్నంలో ఉన్నామా, పల్లెలో ఉన్నామా అన్నది చెప్పడం కష్టం. ఇల్లుకూ ఇల్లుకూ మధ్య నాలుగైదు ఖాళీ ప్లాట్లు. చీకటి పడితే టార్చిలైటు లేకుండా గడప దాటేవాళ్లం కాదు, పాములు అంతగా ఉండేవి. ఆఫీసు నుంచి వచ్చే ఆఖరి బస్సు తప్పితే నడకే. బోరింగు దగ్గర బిందెల వరుస. ఆటోనగర్ వైపు చెత్త డంపింగు యార్డు నుంచి గాలి మళ్లినప్పుడు పొగ వచ్చి కిటికీలు మూసుకునేవాళ్లం. అది కూడా ఆ రోజుల్లో భాగమే, తీపి జ్ఞాపకాలు మాత్రమే రాస్తే అబద్ధం అవుతుంది. కాని బతుకమ్మ పండుగకు ఆడవాళ్లు తంగేడు, గునుగు ఖాళీ ప్లాట్లలోనే కోసుకొచ్చేవారు. బతుకమ్మ నిలువెత్తు అయ్యేది. ఇప్పుడు అదే తంగేడు కట్ట బజారులో కొంటున్నాం. ఒకరి ఇంట్లో జ్వరమంటే నాలుగు వీధులకు తెలిసేది. పిల్లలు ఎవరింట్లో అన్నం తిన్నారో తల్లులు లెక్కపెట్టేవారు కాదు. నేను నాటిన మామిడి 1993లో మొదటి కాపు కాసింది, పదకొండు కాయలు.

ఇక నా తప్పు. నా సెక్షనులోనే నాకు ఎదురు బల్ల మీద పనిచేసిన మిత్రుడు ఒకాయన ఉండేవాడు. పేరు రాయను, పాతవారికి తెలుస్తుంది. మాది రెవెన్యూ ఆఫీసు, భూముల రికార్డులు నిత్యం మా చేతుల్లో తిరిగేవి. 1984లో పటేలు, పట్వారీ ఉద్యోగాలు రద్దయ్యాయి, 1985లో మండలాలు వచ్చాయి. అంతవరకు పట్వారీల ఇళ్లల్లో ఉన్న పహాణీలు మూటలు మూటలుగా ఆఫీసులకు చేరుతున్న కాలం అది. 1986లో హయత్‌నగర్ దాటాక ఒక ఊళ్లో 300 గజాలు అమ్మకానికి వచ్చిందని ఆయన కాగితాలు తెచ్చాడు. మధ్యాహ్నం టిఫిను గిన్నె మూత తీస్తూ ఉన్నాను.

"నువ్వు చూసి చెప్పు. నువ్వు మంచిగున్నయంటే రేపే బయానా ఇస్త" అన్నాడు.

అమ్మకం దస్తావేజు నకలు, పదమూడేళ్ల ఈసీ, ఒక సంవత్సరం పహాణీ ఉన్నాయి. పట్టాదారు గడిలో అమ్మేవాని తండ్రి పేరు సరిగా ఉంది. అనుభవదారు గడిలో వేరే పేరు ఉంది. దాన్ని నేను చూశాను. చూడలేదని ఇన్నాళ్లూ కొందరికి చెప్పుకున్నాను గాని చూశాను. ఎవరో దాయాది అయి ఉంటాడనుకున్నాను. కౌలుదారుల రిజిస్టరు మా పక్క గదిలోని బీరువాలో ఉంది. లేచి పది అడుగులు వేస్తే సర్వే నంబరు చూసుకోవచ్చు. "మంచిగనే ఉన్నయి, తీసుకో" అన్నాను.

ఆయన ప్రావిడెంటు ఫండు నుంచి అప్పు తీసి కొన్నాడు. 1991లో పునాది తవ్వబోతే ఊళ్లోని ఒక కుటుంబం వచ్చి గుంతలో నిలబడింది. వారి తండ్రి ఆ భూమికి రక్షిత కౌలుదారు. 38-ఇ సర్టిఫికెట్టు ఆయన పేర ఉంది. అనుభవదారు గడిలో ఉన్నది ఆ పేరే. వాళ్లు అన్యాయం చేశారని నేను అనలేను. రెండు తరాలు దున్నిన భూమి వాళ్లది. అమ్మినవాడు పత్తా లేడు. పదకొండేళ్లు కోర్టుకు తిరిగి 2002లో మా మిత్రుడు ఓడిపోయాడు. ఆయన ఆఖరి దాకా సైదాబాదులో అద్దె ఇంట్లోనే ఉన్నాడు, 2016లో పోయాడు. ఒక్కసారి కూడా నన్ను ఆ మాట అడగలేదు. సంఘం సమావేశాలకు వచ్చేవాడు, నా పక్క కుర్చీలోనే కూర్చునేవాడు.

ఇందుకే, మన సభ్యుల పిల్లలు ఊరి చివర స్థలం కొంటామని వచ్చినప్పుడు నేను గంటలకు గంటలు విసిగిస్తాను. పదమూడేళ్ల ఈసీ చాలదు, ముప్పై ఏళ్లది తీయమంటాను. 1998లో రిజిస్ట్రేషన్లు కంప్యూటరు మీదికి వచ్చాక ఈసీ తీయడం సులువైంది, అంతకు ముందువాటికి పాత పుస్తకాలు వెతికించాలి. లింకు దస్తావేజులన్నీ అసలువి చూడమంటాను. పహాణీ ఒక్క ఏడుది కాదు, 1950ల నుంచి వరసగా చూడాలి, రెండు గడులూ చదవాలి. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ మీద కొనడం కొనడమే కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టంగా చెప్పింది. లేఅవుటుకు అనుమతి పంచాయతీదా, హుడాదా, 2008 తర్వాతైతే హెచ్.ఎం.డి.ఎ.దా అన్నది అడగాలి. అనుమతి లేని ప్లాటును ఎల్.ఆర్.ఎస్. కింద క్రమబద్ధం చేసుకున్నా యాజమాన్యపు తగాదా దానితో తీరదు. ఈ తేడా చదువుకున్నవారికి కూడా తెలియడం లేదు. పిల్లలు నవ్వుతారు, "అంకుల్, అంతా ఆన్‌లైన్‌లో ఉంది" అంటారు. ఆన్‌లైన్‌లో ఉన్నది ఎవరో ఒక గుమాస్తా ఎక్కించిందే కదా.

మిగతా చరిత్ర అందరికీ తెలిసిందే. 1999లో రైతు బజార్లు మొదలయ్యాక మనకూ ఒకటి వచ్చింది, కూరగాయల బెంగ తీరింది. 2004లో కృష్ణా నీళ్లు సాహెబ్‌నగర్ రిజర్వాయరు దాకా వచ్చి పట్నానికి అందాయి, బోరింగు తుప్పు పట్టింది. 2007లో ఎల్.బి.నగర్ మునిసిపాలిటీతో పాటు మనమూ గ్రేటర్‌లో కలిశాం. 2008లో నేను రిటైరయ్యాను. 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్.బి.నగర్ దాకా వచ్చింది. ఖాళీ ప్లాట్లు ఒక్కటీ మిగలలేదు. మా వీధిలో పెరళ్లున్న ఇళ్లు ఇప్పుడు మూడు. మిగిలినవి అయిదంతస్తులు.

మా అబ్బాయి అమెరికా నుంచి ఫోను చేసి ఇల్లు డెవలప్‌మెంటుకు ఇద్దామంటున్నాడు. సగం ఫ్లాట్లు మనకు, సగం బిల్డరుకు. లిఫ్టు ఉంటుంది, మీ అమ్మ మోకాళ్లకు మంచిది అంటాడు. వాడి మాటలో తప్పు లేదు. ఒప్పందం ముసాయిదా పంపించారు, పద్నాలుగు పేజీలు. ఒకసారి చదివాను. మామిడిచెట్టు ఉన్నచోట కార్ల దారి వస్తుంది.

పోయిన వైశాఖంలో మా మిత్రుని భార్య మా ఇంటికి వచ్చింది. ప్లాస్టిక్ సంచీలో పాత కాగితాలన్నీ తెచ్చింది. ఆ ఊరి పక్క భూముల ధరలు బాగా పెరిగాయని, ఏమన్నా దారి ఉందేమో చూడమని కొడుకు పంపించాడట. నేను సంచీ విప్పాను. ఆ పహాణీ నకలే, అంచులు పసుపుపచ్చగా అయింది. వెనక పెన్సిలుతో నేను వేసిన టిక్కు గుర్తు ఇంకా ఉంది. అప్పుడు ఆమెకు చెప్పాను, ఆ రోజు ఏం చూశానో, ఏం చూసీ వదిలేశానో. మా ఇంటావిడ వంటింటి గుమ్మంలో నిలబడి విన్నది. ముప్పై ఎనిమిదేళ్లు కాపురం చేసిన ఇంట్లో ఆమె కూడా ఆ మాట వినడం అదే మొదటిసారి.

ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆయనకు తెలుసన్నా" అంది. "కోర్టుల ఆ కాయితం పెట్టినప్పుడే మీ గుర్తు చూసిండు. మీతోని అనొద్దన్నడు."

పోతూ పోతూ మా ఆవిడ ఇచ్చిన మామిడికాయలు తీసుకుంది. కాగితాలు మాత్రం "మీ దగ్గరనే ఉండనీయండి, మా ఇంట్ల తడుస్తున్నయి" అని వదిలేసి వెళ్లింది. అవి ఇప్పుడు మా ఇంటి దస్తావేజులున్న పెట్టెలోనే, అబ్బాయి పంపిన ముసాయిదా కింద ఉన్నాయి. ముసాయిదా మీద నేనింకా సంతకం పెట్టలేదు.