నాలుగు పాదముల వైద్యము

రోగి వైద్యుని యొద్దకు పోవుట యను చిన్న విషయమునకు గూడ చరిత్ర కలదు. రాజుల కథలు వ్రాయువారు దీనిని విడిచిపెట్టుదురు గాని, సామాన్య కుటుంబమునకు రాజ్యములు మారుటకంటె ఈ మార్పే దగ్గరగా తగులును. హైదరాబాదు తూర్పు దిక్కున దిల్‌సుఖ్‌నగరు మొదలు ఎల్.బి.నగరు వరకు గల పేటలలో ఆ దర్శనము రూపు మారిన విధమును నేడు మనవి చేసెదను.

ఈ ప్రాంతము ఒకప్పుడు సరూర్‌నగరు చెరువు చుట్టును గల పొలములు, తోటలు. కాలనీలు వెలసిన కొలది వీథి మొగదల నొక్కొక్క వైద్యుడు చిన్న గది తెఱచి కూర్చుండెను. ఆ గదిలో నున్నవారిరువురే: వైద్యుడు, కంపౌండరు. కంపౌండరు సీసాలో మిక్చరు పోసి, మోతాదులు తెలియుటకై అంచు కత్తిరించిన కాగితపు పట్టీ నంటించి యిచ్చెడివాడు. వైద్యుడు నాడి పట్టి, నాలుక చూచి, పిల్లవాని చదువెట్లున్నదని కూడ నడిగెడివాడు. ఏ యింట నెవరికి ఉబ్బసమో, ఏ కోడలికి కానుపు కష్టమైనదో అన్నియు నాయనకు కంఠస్థము. అది యే పుస్తకమునను వ్రాయబడలేదు, ఆయనతోనే పోయినది.

ఆ కాలమును తలచి నిట్టూర్చువారు కలరు. కాని రుసుము ఈయగలవారికే ఆ సౌఖ్యమని వారు మఱచుచున్నారు. కూలివాండ్రు మూసీ యొడ్డున 1925లో కట్టబడిన ఉస్మానియా ఆసుపత్రికి పోయి వరుసలో నిలుచుండవలసినదే. జ్వరము తగ్గుటకు ముందే నాటి కూలి పోయెడిది. కావున వారు రోగము ముదిరిన పిదపనే వెళ్లెడివారు.

వైద్యము ఒక్కని పని కాదని మన పూర్వులెఱుగనిది కాదు. చరకసంహిత సూత్రస్థానమున తొమ్మిదవ యధ్యాయము ఈ విషయమునకే కేటాయింపబడినది. వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి యని చికిత్సకు నాలుగు పాదములు. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు. పరిచారకునికి చెప్పబడినవి సేవ తెలిసియుండుట, నేర్పు, రోగియెడ అనురాగము, శుచిత్వము. రోగి గుణములలో నొకటి తన బాధను తాను చెప్పగలుగుట. చదువుకొను నాళ్లలో దీనిని లెక్కపెట్టి వల్లించితిమే గాని, ఇది యొక వైద్యశాల నిర్మాణమునకు పటమని తోచలేదు.

ఆ పటమును నవీన రీతిని గీచినవారు సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతను 1943లో నియమింపబడిన సంఘమువారు. 1946లో వెలువడిన వారి నివేదికలో, మొదటి దశయందు నలువదివేల జనులకొక ప్రాథమిక ఆరోగ్య కేంద్రముండవలెనని సూచన. దానికి వైద్యులిద్దఱే, వారితో ఆరోగ్య నర్సులు నలుగురు, మంత్రసానులు నలుగురు, శిక్షణ పొందిన దాయీలు నలుగురు, ఇంకను పారిశుద్ధ్య తనిఖీదారులు మొదలగువారు. వైద్యునికంటె తక్కినవారి సంఖ్య యెంత హెచ్చో గమనింపుడు. ఆ నివేదిక బ్రిటిషు ఇండియాకై వ్రాయబడినది; నైజాము రాజ్యము అప్పటికి వేఱు. 1952లో దేశమున నట్టి కేంద్రములు మొదలైనవి గాని అవి పల్లెల కొఱకు. పట్టణములలోని బీదలు చాలకాలము ఎవరి లెక్కలోను పడలేదు.

1990వ దశకమున ప్రపంచ బ్యాంకు సహాయముతో సాగిన జనాభా పథకము క్రింద హైదరాబాదు మురికివాడలలో ఆరోగ్య కేంద్రములు పెట్టబడెను. 2005లో ఆశా కార్యకర్తలు పల్లెలకు వచ్చిరి; 2013లో పట్టణ ఆరోగ్య మిషనుతో నగరమునకును వచ్చిరి. రెండువందలు మొదలు ఐదువందల ఇండ్లకొక ఆశా యుండవలెనని దాని నియమము. పిమ్మట 2018 ఏప్రిలులో బస్తీ దవాఖానాలు ఆరంభమయ్యెను. అయిదువేలు మొదలు పదివేల జనులకొకటి; అందొక వైద్యుడు, ఒక నర్సు, ఒక సహాయకుడు. దవాఖానా యను మాటకు ఇచ్చట అర్థము చెప్పనక్కఱలేదు. తెలంగాణమున ఇది తెలుగు మాటయే.

ఇప్పటి దర్శనము గదిలో మొదలుగాదు, ఇంటి గడపయొద్ద మొదలగును. ముప్పది యేండ్లు దాటినవారిని ఆశా పిలుచుకొని వచ్చును. నర్సు రక్తపు పోటు, చక్కెర చూచును. ఆ మీదట వైద్యుడు. రక్తము తీసి నారాయణగూడలో 2018లోనే నెలకొల్పబడిన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కేంద్రమునకు పంపుదురు. పరీక్షకును మందుకును రుసుము లేదు. మధుమేహము, రక్తపు పోటు వంటివి బాధ పెట్టకుండ లోలోపల తినివేయునవి. బాధ లేనివాడు వైద్యుని వెదకికొని పోడు. అతనిని పిలుచుకొని వచ్చు మనిషి కావలెను. పాత వైద్యుడు, ఎంత మంచివాడైనను, తన వాకిట నిలిచినవానినే చూడగలిగెను. ఈ యొక్క లాభముచేతనే నేను క్రొత్త పద్ధతికి ఓటు వేయుదును.

అయినను నష్టమొకటి కలదు. మా వీథిలోని యొక వృద్ధురాలు, “అయ్యా, సూది వేసినామె వేఱు, బిళ్లలిచ్చినామె వేఱు, డాక్టరుగారు పోయిన నెలలో వేఱొకరు, నా మోకాలి సంగతి ఎవరికి చెప్పుకొందును?” అని నన్నడిగినది. చరకుడు రోగికి చెప్పిన గుణమామెకు నిండుగా నున్నది, వినువారే చీలిపోయిరి. పని పంచుకొనుట సులభము. వినుట పంచుకొనుట కష్టము. ఒకరు విన్నది మఱియొకరికి అందకున్న ముగ్గురున్నను రోగి యొంటరియే.

నేను చూచినంతవరకు ఆ పాత పరిచయము పూర్తిగా నశింపలేదు, చోటు మార్చుకొన్నది. ఒప్పందముపై వచ్చు వైద్యులు మాఱుదురు. ఆ వాడలోనే కాపురముండు ఆశా మాఱదు. ఏ యింట ఎవరు మందు మానిరో, ఏ పిల్లకు టీకా తప్పినదో ఆమెకు తెలియును. అనురాగమను గుణము నేడు ఆమెయందే యెక్కువగా కనబడుచున్నది. కాని ప్రభుత్వపు లెక్కలలో ఆమె స్వచ్ఛంద సేవకురాలు. ఆమెకు లభించునది పారితోషికము. ఉద్యోగి వేతనము కాదు. ఆమె పని విడిచిన నాడు ఆ వాడ కథ యంతయు, మిక్చరు సీసాల నాటి వైద్యుని కథవలెనే, ఆమె వెంట పోవును.